నాన్నకు నేనెంచిన బలం పొడి

మా వైపు మనిషి మంచం పట్టాడని తెలిస్తే వట్టి చేతులతో చూడటానికి ఎవరూ రారు. సీసా తెస్తారు. ఎనభైల్లో అది గాజు సీసా, లోపల మాల్టు పొడి, పైన రేకు మూత. దాంతోపాటు ఒక బ్రెడ్డు, అరడజను బత్తాయిలు. జబ్బేమిటో కనుక్కుని దానికి తగ్గది తెచ్చినవాణ్ణి నేను ఒక్కణ్ణీ చూడలేదు. కాలు విరిగినా అదే సీసా, కామెర్లొచ్చినా అదే సీసా, పురుడు పోసుకున్నా అదే సీసా. మా నాన్నకు షుగరు. కాలికి పుండు పడి ఆయన మంచమెక్కిన నెలలోనే మా ఇంటి గూట్లో అలాంటివి పదకొండు చేరాయి.

తెచ్చినవాళ్లు సీసా పెట్టి పోయినా బాగుండేది. పోరు. వాళ్ల ఎదురుగా పాలల్లో కలిపి తాగించాలి. మూడు చెంచాల పొడి వేయించి, మీద ఒక చెంచా పంచదార కూడా తగిలించి, నాన్న చివరి గుక్క మింగేదాకా కుర్చీలోంచి కదిలేవాళ్లు కారు. షుగరండీ ఆయనకు అంటే, ఇది బలానికమ్మా, స్వీటు కాదుగా అనేవాళ్లు. మా మేనత్తకైతే ఇంకో సిద్ధాంతం ఉండేది. షుగరు జబ్బు పంచదార వల్ల వస్తుంది, పంచదార మిల్లులో తయారవుతుంది, కాబట్టి చేలో పండిన చెరుకు నుంచి వచ్చే బెల్లం ఎంత తిన్నా ఏమీ కాదు. ఇది చెప్పేటప్పుడు ఆవిడ మొహంలో పెద్ద డాక్టరు కళ ఉండేది. చర్చి నుంచి వచ్చే ఆడవాళ్లంతా తలలూపేవాళ్లు.

వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది. దాచుకోవడమెందుకు, అసహ్యం వేసేది. నేను పేటలో, అంటే చిలకలూరిపేటలో, ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ డెమాన్‌స్ట్రేటర్ని. మా ఊళ్లో, మా వాడలో మొదటి బీఎస్సీని. మా వాళ్లలో కూలికి పోనివాడు బడిపంతులో చర్చి పనివాడో అయ్యేవాడు. ప్యాంటు మీద ఆసిడ్ మరకలతో బస్సు దిగే మనిషి నేనొక్కణ్ణే. ఆ మరకలు పోయేలా ఉతకొద్దని అమ్మకు చెప్పేవాణ్ణి. నా చదువంతటికీ నాకు దొరికిన జనం బెల్లానికీ పంచదారకూ తేడా కనిపెట్టిన మా మేనత్తా, ఆవిడ పరివారమూనా అని రోజూ కుమిలిపోయేవాణ్ణి.

నాన్న సంగతి చెప్పాలి. ముప్పై ఏళ్లు గుంటూరులో మిరపకాయల కమీషను కొట్టులో పనిచేశాడు. ఆయన పని సరుకు చూడటం. గోతాం కుట్టు విప్పి, మధ్యలోంచి పిడికెడు కాయలు తీసి, ఒకటి విరిచి వాసన పీల్చి, గింజను నాలిక చివర పెట్టుకునేవాడు. ఇది నల్లరేగడి కాయ, దీని మీద రాత్రి నీళ్లు చల్లారు, ఇది పోయినేటి సరుకులో కలిపింది అని చెప్పేసేవాడు. రైతూ కొనేవాడూ ఇద్దరూ ఆ మాట మీదే బేరం తెంచుకునేవాళ్లు. ముప్పై ఏళ్లలో ఆయన మాట తప్పని తేలిన రోజు లేదని కొట్టు యజమాని మా ఇంటికొచ్చి మరీ చెప్పాడు. నాన్నకు ఉన్న ఆస్తి అదొక్కటే. అది నాకు ఆస్తిలా కనపడేది కాదు. ఐదో క్లాసుతో ఆగిపోయిన మనిషి నాలికతో చేసే పని చదువు కిందికి రాదని నా లెక్క.

పని మానేసి ఊళ్లో ఉంటున్న రోజుల్లో, పత్తి కట్టె నరికిన చేలో నడుస్తుంటే ఒక మోడు చెప్పులోంచి దిగి బొటనవేలి కింద గుచ్చుకుంది. షుగరు కాలు కదా, ఆయనకు తెలియనే లేదు. ఇంటికొచ్చాక గచ్చు మీద నెత్తురు అడుగులు చూసి అమ్మ కేక పెట్టింది. వారం తిరిగేసరికి పుండు పడింది. గుంటూరు తీసుకెళ్లాను. డాక్టరు మాత్రలు పెంచాడు, కట్టు కట్టించాడు, మనిషి బాగా చిక్కిపోయాడు కాబట్టి పుండు మానాలంటే ఒంట్లో బలం ఉండాలన్నాడు. ప్రొటీను పొడి ఏదైనా పాలల్లో కలిపి రోజుకొక గ్లాసు ఇవ్వండి, పంచదార లేనిది చూసుకోండి, లేకపోతే వేలు తీసెయ్యాల్సి వస్తుంది అన్నాడు. ఏ పొడి అని అడిగాను. మీరు చదువుకున్నవారే కదండీ, చూసి కొనండి అన్నాడు. ఆ ఒక్క ముక్కకు నేను ఎంత ఉబ్బిపోయానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. వేలు సంగతి కన్నా ఆ పొగడ్తే బస్సులో నాతోపాటు ఇంటికొచ్చింది.

మర్నాడు పేటలో హైవే పక్కనున్న మందుల షాపుకు వెళ్లాను. బయట పత్తి లారీలు బారుగా ఆగి ఉన్నాయి, లోపల కౌంటరు మీద కూడా దూది పోగులే. షుగరు ఉన్నవాళ్లు తాగే ప్రొటీను పొడి కావాలన్నాను. షాపాయన వెనక్కి తిరిగి చూడకుండానే చేతికందిన డబ్బా తీసి, ఇది షుగరు వాళ్లకేనండి అన్నాడు. దాని మీద ఉయ్యాల్లో పసిపాప బొమ్మ ఉంది. అది చూపిస్తే, పిల్లలకు ఇచ్చేది పెద్దవాళ్లకు హాని చేస్తుందాండీ అని నన్నే ఎదురడిగాడు. ఇంకో డబ్బా తీశాడు. అదీ షుగరు వాళ్లకేనట. మూడోదీ అంతే. ఆయన అరలో ఉన్న సరుకంతా షుగరు వాళ్ల కోసమే పుట్టింది. ఆ రోజు కోడిగుడ్లు అమ్ముతుంటే వాటినీ అలాగే అమ్మేవాడు.

డబ్బాల మీద రాతలు చదివాను. చీమ తలకాయంత అక్షరాల్లో విటమిన్లన్నిటి పేర్లూ ఉన్నాయి. ప్రొటీను గురించి పెద్ద అక్షరాలు. ఒక డబ్బా మీద కార్బోహైడ్రేట్లు అని ఒక మాట రాసి ఊరుకున్నారు, అవి ఏమిటో రాయలేదు. బియ్యంలోనూ ఉంటాయి అవి, జొన్నల్లోనూ ఉంటాయి అని కొట్టిపారేశాను. లేబులు రాసేవాడూ అమ్ముకునేవాడే కదా, వాడి మాట నేనెందుకు నమ్మాలి అనుకున్నాను. నా చేతిలో విద్య ఉంది. రెండు డబ్బాలు కొని, కాలేజీ లాబులోంచి నీలం ద్రావణం, గాజు గొట్టాలు, వడపోత కాగితాలు, స్పిరిటు దీపం సంచిలో వేసుకుని ఇంటికి బయల్దేరాను.

ఆ నీలం ద్రావణం మా ఇంటికి కొత్త కాదు. రోజూ పొద్దున్నే నాన్న మూత్రం ఎనిమిది చుక్కలు అందులో వేసి మరిగించి చూసేవాణ్ణి. నీలంగా ఉండిపోతే షుగరు లేనట్టు. ఆకుపచ్చ అయితే కొంచెం, పసుపు అయితే ఇంకొంచెం, నారింజ దాటి ఇటుక రంగు వచ్చిందంటే బాగా ఉన్నట్టు. ఆ రోజుల్లో షుగరు చూసుకోవడానికి ఇంట్లో అంతకన్నా దారి లేదు. మాత్రలు పెంచాక నాన్నది ఆకుపచ్చ దగ్గర నిలబడింది. పుండు అంచులు ఆరుతున్నాయి, మానుతుందన్న ఆశ ఉంది.

పొడుల పరీక్ష ఒంటరిగా చేసి ఉంటే ఏమయ్యేదో. నేను అలా చెయ్యలేదు. చర్చి ఆడవాళ్లు వచ్చే ఆదివారం మధ్యాహ్నం దాకా ఆగాను. మేనత్త వచ్చి కూర్చున్నాక వసారాలో స్టూలు వేసి, అందరి ముందూ దీపం వెలిగించాను. వాళ్లు తెచ్చిన మాల్టు పొడి నీళ్లలో కలిపి వడపోసి ద్రావణంలో మరిగించాను. ఇటుక రంగు. ఎవరో తెచ్చిన గ్లూకోజు పొట్లం వేశాను. వెయ్యగానే ఇటుక రంగు. నేను కొన్న రెండు డబ్బాల్లో మొదటిది కూడా నారింజకు తిరిగింది. రెండోది, ఆ కార్బోహైడ్రేట్ల డబ్బా, ఎంత మరిగినా నీలం నీలంగానే ఉంది. ఆ గొట్టాన్ని ఎత్తి ఎండలో పట్టుకుని వాళ్లందరికీ చూపించాను. మీరు మా నాన్నకు ఇన్నాళ్లూ ఏం పోశారో చూడండి, నేనేం పోయబోతున్నానో చూడండి అన్నాను. వాళ్ల మొహాలు మాడిపోయాయి. ఆ మధ్యాహ్నం నాకు అన్నం కూడా అక్కర్లేకపోయింది.

పొడి పాలల్లో కలిపి నాన్న చేతికిచ్చాను. ఆయన ఒక గుక్క తాగాడు. మింగలేదు. నోట్లో అటూ ఇటూ తిప్పాడు, కాసేపు కళ్లు మూసుకుని అప్పుడు మింగాడు.

"ఒరేయ్, ఇందులో పంచదార ఉందిరా," అన్నాడు.

"పంచదార కాదు నాన్నా, శాక్రిన్. తియ్యగా ఉంటుంది, షుగరు మాత్రం పెరగదు."

"శాక్రినైతే మింగాక చేదు తగులుద్ది. సోడా కొట్టోడి రంగునీళ్లలో ఉండేది అదేగా. ఇది తగల్లేదు."

అందరూ నన్నే చూస్తున్నారు. ఇప్పుడే వాళ్ల నోళ్లు మూయించాను. ఇంట్లోంచే ఎదురు మాట వస్తే ఎలా ఉంటుంది.

"నీ నాలిక మిరపకాయలకు పనికొస్తుంది నాన్నా," అన్నాను. "ఇది చదువుకు సంబంధించింది."

నాన్న గ్లాసు ఖాళీ చేసి నాకిచ్చాడు. మేనత్త కిసుక్కున నవ్వింది. నా గెలుపు చూసే నవ్విందనుకున్నాను.

నాలుగో రోజు పొద్దున గొట్టంలో ఆకుపచ్చ పోయి పసుపు వచ్చింది. వారానికి నారింజ. ఇంట్లో మాల్టు సీసాలన్నీ అప్పటికే పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకు తిరుగుతున్నాను. పాలల్లో పంచదార లేదు, అన్నం కొలిచి పెడుతున్నాం. మరి రంగు ఎందుకు మారుతుంది. నాకు ఒక్కటే కారణం తోచింది. ముసలివాడు దొంగచాటుగా తింటున్నాడు. ఇంకో కారణం వెతకాలన్న ఆలోచనే రాలేదు. పొడి వల్ల కాదని నేనే రుజువు చేశాను కదా, నలుగురి ముందూ, ఎండలో పెట్టి.

వెతకడం మొదలుపెట్టాను. ఆయన తలగడ కింద చూశాను, లాల్చీ జేబులు తిప్పాను, పాటల పుస్తకం పెట్టుకునే చేతిసంచి దులిపాను. ఏమీ దొరకలేదు. ఏమీ దొరక్కపోతే తినలేదనుకోవాలి కదా మనిషన్నవాడు. నేను అలా అనుకోలేదు, బాగా దాచడం నేర్చాడనుకున్నాను. అమ్మ మీద కూడా అనుమానం వచ్చింది. ఆవిడ దేవుడి మీద ఒట్టు పెట్టుకుంది. ఇద్దరూ ఒక్కటయ్యారని లోపల తిట్టుకున్నాను. మనిషి చిక్కిపోతున్నాడు కాబట్టి రోజుకొక గ్లాసు చాలదని, మూడు గ్లాసులు చేశాను.

ఆ తర్వాతి ఆదివారం గొట్టం ఇటుక రంగుకు తిరిగింది. మేనత్తా, చర్చి ఆడవాళ్లూ వసారాలో ఉన్నారు. ఆ గొట్టం తీసుకెళ్లి నాన్న మంచం ముందు పట్టుకున్నాను.

"ఎక్కడ దాచుకుని తింటున్నావు నాన్నా?"

"నేనేమీ తినలేదురా."

"మరి ఈ రంగు అబద్ధం చెబుతోందా?"

ఆయన గొట్టం వంక చూడలేదు. నా వంక చూశాడు. ముప్పై ఏళ్లు ఆయన మాట మీద బస్తాలు కదిలాయి. ఆయన్ను అబద్ధాలకోరని ఎవరూ అనలేదు. అన్నవాణ్ణి నేనే, అదీ ఆయన చెల్లెలి ముందు. మేనత్త అందుకుంది. చిన్నప్పుడు కూడా ఇంతేనమ్మా, అరిసెలు చేస్తే ఉట్టి మీంచి తీసుకు తినేవాడు అని మొదలుపెట్టింది. ఆడవాళ్లు నవ్వారు. ఎవరికీ కోపం లేదు, సరదాగా నవ్వారు. అన్నయ్యా, నోరు కట్టుకోవాలి మరి అని తలా ఒక బుద్ధి చెప్పి లేచారు. నాన్న గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆ రోజు నుంచి ఆయన తిండి తగ్గించేశాడు. బత్తాయి వలిచి ఇస్తే వద్దనేవాడు. అన్నం సగం చేశాడు, కాఫీ మానేశాడు. తను తినడం లేదని నాకు చూపించుకోవాలనుకున్నాడు పాపం. నేను కలిపిన పొడి మాత్రం ఒక్క పూట కూడా వదల్లేదు. కొడుకు చేత్తో ఇచ్చింది కదా. అందులో పంచదార ఉందని నాలిక చెబుతున్నా రోజుకు మూడు గ్లాసులు తాగాడు. పుండు నల్లబడింది. వాసన వచ్చింది. గుంటూరు తీసుకెళ్తే బొటనవేలూ పక్క వేలూ తీసేశారు. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, షుగరు ఇంత ఎలా పెరగనిచ్చారండీ అన్నాడు. నోరు కట్టుకోరు సార్, దొంగచాటుగా తింటారు అని చెప్పాను. డాక్టరు తలూపాడు. ఆయనకూ ఆ జవాబు అలవాటే.

ఆసుపత్రిలో ఇరవై రోజులు. సూది మందు ఇచ్చారు, పొడి లేదు. గొట్టం రోజురోజుకీ ఆకుపచ్చకు దిగింది. అక్కడైతే దాచుకునే వీల్లేదు కదా అని నేను అమ్మతో అన్నాను. ఇంత గుడ్డితనం ఇంకెవరిలోనైనా చూస్తే వాడి గురించి వారం రోజులు చెప్పుకు నవ్వేవాణ్ణి.

నాన్నను ఇంటికి తెచ్చాక సెలవు ముగించి మళ్లీ కాలేజీకి వెళ్లాను. మొదటి ప్రాక్టికల్ క్లాసు చక్కెరల పరీక్ష. నాలుగు సీసాల్లో నాలుగు రకాలు పెట్టి, ఏది ఏమిటో పిల్లలు కనుక్కోవాలి. బోర్డు మీద రాస్తున్నాను. గ్లూకోజు, ఇటుక రంగు. మాల్టు చక్కెర, ఇటుక రంగు. సుక్రోజు, అంటే మనం కాఫీలో వేసుకునే మామూలు పంచదార, రంగు మారదు, నీలం. ముందు కొంచెం ఆసిడ్ వేసి మరిగిస్తే అది రెండుగా విడిపోతుంది, అప్పుడు మారుతుంది. ఇది రాసి సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆరేళ్లుగా ప్రతి ఏడూ ఈ వాక్యాలు బోర్డు మీద రాస్తున్నాను. పిల్లల రికార్డుల్లో వీటి కిందే ఎర్రసిరాతో సంతకాలు పెడుతున్నాను. పరీక్షలో ఈ ప్రశ్న తప్పు రాసినవాణ్ణి గాడిదా అని తిట్టాను కూడా.

క్లాసు వదిలేసి తలుపేసుకున్నాను. అదే రకం కొత్త డబ్బా లాబులోనే ఉంది, నాన్నకు మళ్లీ మొదలుపెడదామని ఆ పొద్దున్నే కొని తెచ్చి పెట్టాను. పొడి నీళ్లలో కలిపి వడపోసి, ఆసిడ్ వేసి మరిగించి, ఆసిడ్ పోగొట్టి, నీలం ద్రావణంలో పోశాను. దీపం మీద పెట్టిన నిమిషానికి ఇటుక రంగు తిరిగింది. అంత ఎర్రటి ఇటుక రంగు మా మేనత్త తెచ్చిన మాల్టుకు కూడా రాలేదు. ఆసిడ్ చేసే పని మనిషి పేగులు చేస్తాయి. నేను నీలంగా చూపించింది నాన్న లోపల ఎర్రగా మారింది. నాలిక చెప్పింది నిజం. గొట్టం కూడా అబద్ధం చెప్పలేదు. అడగాల్సిన తీరులో నేను అడగలేదు.

ఆ రోజే బస్సెక్కి ఇంటికొచ్చాను. అమ్మ చర్చికి వెళ్లింది. నాన్న వసారాలో మంచం మీద, కాలు తలగడ మీద పెట్టుకుని కూర్చున్నాడు. చెప్పేశాను. ఆ డబ్బాలో పంచదార ఉంది నాన్నా, నువ్వు ఏమీ తినలేదు, నేనే రోజుకు మూడుసార్లు పోశాను అన్నాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. ఆయన నా ఏడుపు ఆగేదాకా చూశాడు.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు."

"కాలేజీలో?"

"లేదు నాన్నా."

ఆ వచ్చే శనివారం మా ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టుకున్నాం. ఆసుపత్రి నుంచి ప్రాణంతో వస్తే మా వాళ్లు ఇంట్లో ప్రార్థన పెట్టి, చర్చి వాళ్లందరినీ పిలిచి, దేవుడు చేసిన మేలు గురించి లేచి నిలబడి సాక్ష్యం చెబుతారు. సాక్ష్యం చెప్పాక అందరూ ఆమేన్ అంటారు. ఆ కూడికలో అత్త ముందూ, అందరి ముందూ తప్పు ఒప్పుకుంటానని నాన్నకు చెప్పాను. నిన్ను ఎవరి ముందు అబద్ధాలకోరన్నానో వాళ్ల ముందే చెబుతాను అన్నాను.

"చెప్పి?" అన్నాడు నాన్న. "ఊళ్లో పిల్లలందర్నీ నీ దగ్గరికేగా పంపుతున్నారు చదువుకోమని."

చెప్పి తీరతానన్నాను. ఆయన కళ్లు మూసుకున్నాడు.

శనివారం దాకా రోజూ ఏం చెప్పాలో కాగితం మీద రాసుకున్నాను. మొదటి రోజు రాసినదాంట్లో తప్పంతా నాదే. రెండో రోజు డబ్బా మీద సరిగ్గా రాయని కంపెనీది కొంత. మూడో రోజు మందుల షాపువాడిది కొంత, చూసి కొనండి అన్న డాక్టరుది కొంత. శుక్రవారానికి నా వాటా ఒక్క వాక్యానికి తగ్గింది. ఆ కాగితం జేబులో పెట్టుకుని కూడికలో కూర్చున్నాను.

వసారా నిండిపోయింది. మా మేనత్త ముందు వరసలో ఉంది, పక్కన కొత్త సీసా. పాట అయింది, అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, ప్రార్థన చేసి, సాక్ష్యం చెప్పేవాళ్లు ఉంటే చెప్పండి అన్నారు. నేను లేవాలి. జేబులో చెయ్యి పెట్టాను. కాగితం తగిలింది. ఇంకొక్క క్షణం ఆగి లేద్దామనుకున్నాను. ఆ క్షణంలో నాన్న కర్ర పట్టుకుని లేచాడు.

"దేవుడు నన్ను మరణం నుంచి తప్పించాడు, స్తోత్రం," అన్నాడు. "నేనొక తప్పు ఒప్పుకోవాలి. మా అబ్బాయి నాకు మంచి పొడి తెచ్చి పోశాడు. తీపి తినొద్దని చెప్పాడు. నేను వినలేదు. దొంగచాటుగా తిన్నాను. అడిగితే తినలేదని అబద్ధం చెప్పాను. వాడి మాట వినుంటే నా వేళ్లు నాకుండేవి."

ఆయన గొంతు వణకలేదు. మిరపకాయ విరిచి చూసి ధర చెప్పేటప్పుడు కూడా అదే గొంతు. ఆయన అబద్ధం చెప్పడం నేను చూడటం అదే మొదలు, అదీ దేవుడి పేరు పెట్టి. మేనత్త కొంగుతో కళ్లు తుడుచుకుంది, ఇప్పటికైనా ఒప్పుకున్నావన్నయ్యా అంది. అయ్యగారి మొహం వెలిగిపోయింది, నోటి ఆశ మీద ప్రసంగానికి ఆయనకు సరుకు దొరికింది. ఆడవాళ్లు నా వైపు తిరిగి, ఇలాంటి కొడుకు మాట వినలేదే అన్నట్టు చూశారు. ఆ తర్వాత నాన్న తొమ్మిదేళ్లు బతికాడు. ఆయన ఉన్నన్నాళ్లూ ఏ పెళ్లికెళ్లినా, అన్నయ్య చేతికి లడ్డు అందనివ్వకండ్రా అని వేళాకోళం చేసేవాళ్లు. ఆయన నవ్వేవాడు. నేను అక్కడే ఉండేవాణ్ణి.

ఆ సాయంత్రం అప్పటికీ నేను లేచి నిజం చెప్పగలిగేవాణ్ణే. నాన్న కర్ర గోడకు ఆనించి మెల్లగా కూర్చుంటున్నాడు. సగం కూర్చుని నా వంక చూసి, వద్దని తల అడ్డంగా ఊపాడు. అంతే చాలింది నాకు. వద్దన్నాడు కదా అని చెప్పుకోవడానికి ఒక సాకు దొరికింది. నిజానికి నాకు ప్రాణం లేచొచ్చింది. జేబులో కాగితాన్ని ఉండ చేశాను. అయ్యగారు చేతులెత్తి, ఆమేన్ అనండి అన్నారు. అందరితోపాటు నేనూ ఆమేన్ అన్నాను.